మాడిసన్‌లో ఖాళీ గంటలు

అమెరికా చూచి వచ్చినవారు నయాగరా జలపాతం గూర్చి వ్రాస్తారు. న్యూయార్కు మేడల గూర్చి, వాషింగ్టను కట్టడాల గూర్చి వ్రాస్తారు. పాఠకులు అవన్నీ ఇదివరకే చదివి ఉంటారు కనుక నేను వాటి జోలికి పోవడం లేదు. యాత్రికులు సాధారణంగా దిగని ఒక ఊరిని గూర్చి, ఆ ఊరి విశ్వవిద్యాలయంలో పెరిగి దేశదేశాలకూ ప్రాకిన ఒక పొదుపును గూర్చి చెబుతాను. అది డబ్బు పొదుపు కాదు. కంప్యూటర్ల ఖాళీ గంటల పొదుపు.

ఆ ఊరి పేరు మాడిసన్. విస్కాన్సిన్ రాష్ట్రానికి రాజధాని. 2023 ఫిబ్రవరిలో, చికాగోలో మా అమ్మాయి పురిటి పనులు ముగించుకొని, మా చెల్లెలి కూతురు పరిశోధన చేస్తున్న మాడిసన్‌కు బస్సులో బయలుదేరాను. మూడు గంటల పైచిలుకు ప్రయాణం. దారి పొడుగునా మంచు కప్పిన పొలాలు, ఎర్రటి పశువుల కొట్టాలు, గోపురాల వంటి మేత గాదెలు. పాడికి ప్రసిద్ధి కెక్కిన రాష్ట్రమది.

ఊరు రెండు సరస్సుల నడుమ సన్నని నేలపట్టీ మీద ఉన్నది. ఒకటి మెండోటా, రెండవది మొనోనా. పట్టీ నడుమ తెల్లరాతి గుమ్మటంతో శాసనసభా భవనం. అక్కడి నుంచి స్టేట్ స్ట్రీట్ అనే బజారు వీథి వెంట నడిస్తే విశ్వవిద్యాలయం వస్తుంది. గుట్ట మీద లింకన్ కాంస్య విగ్రహం కూర్చొని ఉంటుంది. నేను వెళ్ళిన రోజులలో మెండోటా సరస్సు గడ్డకట్టి ఉన్నది. మనుషులు దాని మీద నడుస్తున్నారు. కొందరు మంచుకు చిల్లు పెట్టి, చిన్న గుడారం వేసుకొని, గాలం పట్టుకొని కూర్చున్నారు. నేను మాత్రం ఒడ్డుననే నిలబడి చూచాను.

విశ్వవిద్యాలయం 1848లో స్థాపించారు. విటమిన్ ఏ ఉనికిని 1913లో కనుగొన్నది ఇక్కడి పరిశోధకులే. మన దేశంలో పుట్టిన హరగోవింద్ ఖొరానా 1960 నుంచి పదేళ్ళు ఇక్కడ పనిచేశారు. 1968లో నోబెల్ బహుమతి వచ్చేనాటికి ఆయన మాడిసన్ వాసి. తెలుగువారు మరచిపోరాని మాట మరొకటి ఉన్నది. వెల్చేరు నారాయణరావుగారు దశాబ్దాల పాటు తెలుగు బోధించింది ఈ సరస్సుల ఒడ్డుననే.

మా పిల్ల ఒంగోలు ప్రాంతంలో పెరిగింది. పరిశోధన పశువుల మీద. ఎండను ఓర్చుకొనే గుణం పశువులకు ఏ జన్యువుల వల్ల వస్తుందన్నది దాని ప్రశ్న. బ్రెజిలులో నెలోర్ అనే పేరుతో పెంచే పశుసంతతికి మూలం మన ఒంగోలు జాతే. ఆ ముచ్చట అది ఎవరికైనా చెప్పకుండా ఉండలేదు.

“అయితే ఆవులను చూపించు” అన్నాను.

“నా ఆవులన్నీ పట్టికలలో ఉన్నాయి, పెద్దమ్మా” అని నవ్వింది.

పట్టికలో ఒక జన్యువుకూ ఎండ ఓర్పుకూ సంబంధం ఉన్నట్లు కనిపించిందట. అది నిజమైన సంబంధమా, కాకతాళీయమా? తేలాలంటే పశువుల వివరాలను పేకముక్కల వలె కలిపి, కలిపిన ప్రతిసారీ లెక్క మొదటి నుంచీ చేయాలి. ఊరికే కలిపినా అంత గట్టి సంబంధమే తరచు కనబడితే, మొదట దొరికినది నమ్మదగినది కాదన్నమాట. అలా 8,000 సార్లు చేయాలని దాని గురువుగారు నిర్ణయించారు. ఒక్కొక్క లెక్కకు మూడు గంటలు.

ముప్ఫయి ఏళ్ళు లెక్కలు చెప్పిన ప్రాణం కనుక మనసులోనే కట్టి చూచాను. మొత్తం 24,000 గంటలు. రాత్రింబవళ్ళు ఆగకుండా నడిచినా ఒక యంత్రానికి 1,000 రోజులు. అంటే రెండేళ్ళ తొమ్మిది నెలలు! పిల్ల ఉపకారవేతనం మే నెలాఖరుతో సరి. ఏప్రిల్‌లో పరీక్షాసంఘం ముందు ఫలితం పెట్టాలి. గురువుగారి గదిలో ఉన్న కంప్యూటరు ఒక్కటే. లెక్కను 500 సార్లకు కుదిస్తే పని ముగుస్తుంది గాని, “ఇది చాలదమ్మా” అని ఎవరో ఒకరు అనకమానరు. నాలుగేళ్ళ శ్రమ ఆ ఒక్క మాటతో తేలిపోతుంది.

ఇటువంటి అవసరాల కోసమే ఈ విశ్వవిద్యాలయంలో ఒక పద్ధతి పెరిగింది.

మీరాన్ లివ్నీ అనే ఆయన 1983లో ఇశ్రాయేలులో డాక్టరేటు ముగించుకొని మాడిసన్‌కు ఆచార్యుడుగా వచ్చారు. యంత్రాలు చాలా ఉన్నచోట ఒక విడ్డూరం జరుగుతుందని ఆయన తన పరిశోధనలోనే గమనించారు. ఒక యంత్రం ముందు పనులు బారులు తీరి ఉంటాయి. అదే సమయంలో పక్క యంత్రం పనిలేక కూర్చొని ఉంటుంది. ఇది ఎప్పుడో ఒకసారి జరిగేది కాదు, తరచుగా జరిగేదేనని లెక్క తేల్చారు. అప్పుడప్పుడే ఆచార్యుల బల్లల మీదకు సొంత కంప్యూటర్లు వస్తున్న కాలమది. పగలు వాడుకొని సాయంత్రం ఇంటికి వెళితే, తెల్లవారేదాకా అవి ఖాళీ.

ఆ ఖాళీని వెతికి పట్టే ఒక ఏర్పాటును లివ్నీ, మైకేల్ లిట్జ్‌కౌ, మాట్ ముట్కా అనే ముగ్గురు కలిసి 1988లో ప్రకటించారు. పేరు కాండోర్. కాండోర్ అంటే అమెరికా ఖండాలలోని పెద్ద రాబందు. ఎత్తున తిరుగుతూ, ఎక్కడ ఏది కదలకుండా పడి ఉన్నదా అని చూచే పక్షి. ఆ ప్రకటనలో వారు చూపిన లెక్క కేవలం 23 యంత్రాలు ఒక నెల రోజులు నడిచిన తీరు. 2012లో పేరుకు ముందు రెండక్షరాలు చేర్చి హెచ్‌టీకాండోర్ అన్నారు. 2015 సెప్టెంబరు 14న గురుత్వ తరంగాలను మొట్టమొదటిసారి పట్టిన లైగో శాస్త్రజ్ఞులు తమ లెక్కలకు దీని మీద ఆధారపడ్డారు. దక్షిణ ధ్రువపు మంచులో పాతిన ఐస్‌క్యూబ్ పరిశోధనశాలను నడిపించేది మాడిసన్‌వారే. వారికీ ఇదే ఆధారం.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో మా పిల్ల చెప్పబోయింది. నేను అడ్డుపడి, “ఉండు, నాకు తెలిసిన భాషలో చెప్పుకోనీ” అన్నాను.

పెళ్ళికి వేయి అప్పడాలు కావాలి. ఒక్క ఇల్లాలు ఒత్తితే వారం. కాని మధ్యాహ్నం భోజనాలయ్యాక వీథిలో అమ్మలక్కలంతా కాస్త తీరికగా ఉంటారు. ఎవరి పీట వారిది, ఎవరి కర్ర వారిది. పిండి ముద్దలు ఇంటింటికీ పంచి ఇస్తే సాయంత్రానికి అప్పడాలు ఆరబోయవచ్చు. ఒకరి అప్పడానికీ మరొకరి అప్పడానికీ నిమిత్తం లేదు. అదే మైసూరుపాకు అయితే? పాకం ఒక మూకుడులో, శనగపిండి మరొక ఇంట్లో పెట్టి చేయడం కుదరదు.

“అంతే, పెద్దమ్మా! నావి అప్పడాలు. ఏ లెక్కకు ఆ లెక్కే” అన్నది. ముక్కలు ఒకదాని కొకటి క్షణక్షణం కబురు చెప్పుకోవలసిన లెక్కలు, అంటే వాతావరణ సూచనల వంటివి, మైసూరుపాకు జాతి. వాటికి ఒకే చోట గట్టిగా ముడివేసిన మహాయంత్రం కావాలి. మా పిల్ల వంటివారికి అక్కరలేదు. వారికి క్షణంలో ఎంత అయిందన్నది కాదు, నెల తిరిగేసరికి ఎన్ని అయ్యాయన్నది ముఖ్యం.

ఇక పిండి ముద్ద ఏ ఇంటికి వెళ్ళాలో నిర్ణయించేది ఎవరు? ఇక్కడ కాండోర్ వారు చేసిన పని మన వారపత్రికల పాఠకులకు సులువుగా తెలుస్తుంది. పత్రికలలో వరుడు కావలెను, వధువు కావలెను అని ప్రకటనలు చూస్తాము గదా! అచ్చంగా అదే పద్ధతి. ప్రతి యంత్రమూ ఒక ప్రకటన వేస్తుంది: నా జ్ఞాపకశక్తి ఇంత, నేను ఖాళీగా ఉండే వేళలు ఇవి, ఫలానావారి పనికి మొదటి చోటిస్తాను. ప్రతి పనీ ఒక ప్రకటన వేస్తుంది: నాకు ఇంత చోటు కావాలి, ఇంతకంటె చిన్న యంత్రం పనికిరాదు. నడుమ ఒక పెళ్ళిళ్ళ పేరయ్య కూర్చొని రెండు వైపులా చదివి జత కుదురుస్తాడు. ఈ పేరయ్యకు మొగమాటం లేదు. ఇంతవరకు ఎక్కువ యంత్రాలు వాడుకొన్నవారిని వెనక్కు, తక్కువ వాడుకొన్నవారిని ముందుకు జరుపుతాడు. అందువల్ల పెద్ద ఆచార్యుడి లక్ష పనుల వెనుక చిన్న విద్యార్థిని పది పనులు నలిగిపోవు.

అసలు చిక్కు ఎక్కడంటే, యంత్రం సొంతదారు తిరిగి వచ్చినప్పుడు. ఇతరుల యంత్రాలలో పనులు నడపడం కాండోర్‌కు ముందు కూడా జరిగింది. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో జెరాక్స్ కంపెనీ పరిశోధనశాల వారు, ఒక యంత్రం నుంచి మరొక ఖాళీ యంత్రానికి ప్రాకే ప్రోగ్రాములు వ్రాసి వాటికి పురుగులని పేరు పెట్టారు. ఒకనాటి రాత్రి ఒక పురుగును వదిలి ఇళ్ళకు వెళ్ళారు. తెల్లవారి వచ్చి చూస్తే పదులకొద్దీ కంప్యూటర్లు చచ్చిపడి ఉన్నాయి. ఆ ముచ్చటను వారే 1982లో అచ్చువేశారు. ఒక్క ఉదయం అలా గడిస్తే, మరునాటి నుంచి తన యంత్రాన్ని ఎవరు అప్పిస్తారు?

అందుకని కాండోర్‌వారు పెట్టుకొన్న మొదటి నియమం, ఇల్లు ఇంటివాడిది అన్నది. పూర్వం మన ఇళ్ళ అరుగుల మీద బాటసారులు పడుకొనేవారు. ఇంటివారు లేచి తలుపు తీస్తే చాప చుట్టుకొని చోటిచ్చేవారు. అటువంటి మర్యాదే ఇది. బల్ల మీది యంత్రాలకు వారు అలవాటుగా పెట్టిన కట్టుబాటు ఇలా ఉన్నది. మీటల పలకను ఎవరూ 15 నిమిషాలు తాకకపోతే, యంత్రానికి వేరే పని లేకపోతే, అప్పుడు అతిథి లోపలికి రావచ్చు. ఇంటివాడు ఒక్క మీట నొక్కితే అతిథి పని అక్కడికక్కడే ఆగుతుంది. ఏదో చూచుకొని అతడు వెంటనే వెళ్ళిపోతాడేమోనని 10 నిమిషాల దాకా కాచుకొంటుంది. అతడు కూర్చొనే ఉంటే మూట కట్టుకొని వెళ్ళిపోతుంది.

మరి అంతవరకు చేసిన పని? పారాయణ చేసేవారు ఆపిన చోట నెమలీక పెట్టినట్లు, పని ఎంతవరకు వచ్చిందో భద్రపరచుకొని, మరొక ఖాళీ యంత్రం మీద అక్కడి నుంచే మొదలుపెట్టే ఉపాయం కాండోర్‌లో మొదటి నుంచీ ఉన్నది. ఈనాడు ఆ నెమలీకను లెక్క వ్రాసుకొనేవారే పెట్టుకోవలసి వస్తున్నది. పెట్టుకోనివారి గతి నేను కళ్ళారా చూచాను.

ఒకనాటి రాత్రి భోజనాలయ్యాక మా పిల్ల నన్ను విశ్వవిద్యాలయానికి తీసికొని వెళ్ళింది. బయట మంచు కరకరలాడుతున్నది. విద్యార్థుల కంప్యూటరు గదిలో ఇద్దరో ముగ్గురో ఉన్నారు. మిగతా కుర్చీలన్నీ ఖాళీ. కాండోర్ పుట్టిన రోజులలో ఇటువంటి గదులే, ఇటువంటి బల్లలే దానికి మేత. ఇవాళ పిల్లలు సొంత లాప్‌టాపులు చంకన పెట్టుకొని తిరుగుతున్నారు గనుక, ఇప్పుడు పనులు ఎక్కువగా నడిచేది యంత్రశాలలలో పేర్చిన కంప్యూటర్ల మీద. కాని మర్యాద పాతదే. ఒక శాఖ డబ్బు పెట్టి కొన్న యంత్రం ఆ శాఖకు ముందు. వారికి పనిలేని గంటలలో పక్కవారికి. మాడిసన్‌లో ఖాళీ లేకపోతే, ఈ పొత్తులో చేరిన ఇతర విశ్వవిద్యాలయాలకు కూడా పని వెళుతుంది. విశ్వవిద్యాలయంలోని పరిశోధకులకు మామూలు వాడకానికి రుసుము లేదు.

పిల్ల తన తెర మీద ఒక పట్టిక తెరిచింది. అయినవి ఇన్ని, నడుస్తున్నవి ఇన్ని, ఐడిల్ ఇన్ని అని అంకెలు.

“ఐడిల్ అంటే ఖాళీగా ఉన్న యంత్రాలా?” అని అడిగాను.

“కాదు. యంత్రం దొరకక కూర్చున్న నా పనులు.”

ఆ మాట నాకు బాగా పట్టింది. పని లేని యంత్రాన్నీ ఐడిల్ అంటారు, యంత్రం లేని పనినీ ఐడిల్ అంటారు. రెండింటినీ ఒకచోట చేర్చేవారు లేనంతకాలం, ఇద్దరూ వేరువేరు గదులలో చేతులు కట్టుకొని కూర్చుంటారు. లివ్నీ పరిశోధనలో తేలినది ఇదే.

అంకెలు నా కళ్ళ ముందే మారుతున్నాయి. నడుస్తున్నవి ఒకమారు 300 దాటాయి, మరుక్షణం 180కి దిగాయి. ఎక్కడో ఎవరో తమ యంత్రం దగ్గరికి తిరిగి వచ్చారన్నమాట. రెండున్నర గంటలు నడిచిన పనులు కూడా లేచిపోయి, మళ్ళీ మొదటి నుంచి వరుసలో నిలబడ్డాయి. పిల్ల ముఖం వాడిపోయింది.

“వాళ్ళను అనడానికి లేదు పెద్దమ్మా, యంత్రం వాళ్ళది. నా పనులే పొడుగెక్కువ” అన్నది. ఆ రాత్రి కూర్చొని, అరగంటకొకసారి తన స్థితిని వ్రాసి ఉంచుకొనేలా లెక్కను సవరించింది. నెమలీక పెట్టుకొన్నదన్నమాట. తరువాత లేచిపోయినవాటికి పోయినది అరగంటే.

నాలుగు రోజులు గడిచాయి. ఐదవ రోజు ఉదయం నేను పెసరట్లు పోస్తూ ఉండగా, వెనుక నుంచి వచ్చి నా భుజం మీద గడ్డం ఆనించింది. 8,000 లెక్కలూ అయ్యాయి. రెండేళ్ళ తొమ్మిది నెలల పని! సంబంధం నిలిచిందా అని అడిగాను. రెండు జన్యువులను గూర్చి అది ఆశపడ్డది. ఒకటి నిలిచింది, ఒకటి ఊడిపోయింది. “ఊడిపోయినదాన్ని ఇప్పుడే తెలుసుకొన్నాను, అది మంచిదే” అన్నది. ఏప్రిల్‌లో పరీక్షాసంఘం ముందు ఆ మాటే చెప్పి గట్టెక్కింది.

దీనిలో ఖర్చు లేదని నేను అనను. ఊరక వెలుగుతున్న యంత్రం కంటె పనిచేసే యంత్రం కరెంటు ఎక్కువ తాగుతుంది. ఇప్పటి కంప్యూటర్లు కాసేపు తాకకపోతే వాటంతటవే నిద్రపోతాయి. వాటిని లేపి పని ఇవ్వడం పూర్తిగా ఉచితం కాదు. పరాయి ప్రోగ్రాము మన యంత్రంలో తిరుగుతుంటే తాళాలు గట్టిగా ఉండాలి. పనులు పంపేవారెవరో తెలిసి ఉండాలి. ఇవన్నీ చూచుకొనే మనుషులు మాడిసన్‌లో ప్రత్యేకంగా ఉన్నారు. 2006 నుంచి అందుకొక కేంద్రమే నడుస్తున్నది. ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం కూడా ఒకప్పుడు విద్యార్థుల గదులలోని వేలకొద్దీ యంత్రాలను ఇదే కాండోర్‌తో ముడివేసి ఏళ్ళ తరబడి నడిపింది. యంత్రాలు కొనడానికి డబ్బు చాలు. ఒకరి యంత్రం మీద మరొకరికి నమ్మకం కుదర్చడానికి ఇటువంటి మనుషులు కావాలి.

తిరిగి వచ్చాక మా వీథి చివరి ఇంజనీరింగు కాలేజీ నా కంటికి వేరుగా కనిపించడం మొదలుపెట్టింది. మన రెండు రాష్ట్రాలలోనూ ఇటువంటి కాలేజీలు లేని పట్టణం అరుదు. ప్రతిదానిలోనూ కంప్యూటరు లాబులు. సాయంత్రం కాగానే అటెండరు స్విచ్చీలు ఆర్పి, తాళం వేసి, తాళంచెవి రిజిస్టరులో సంతకం పెడతాడు. తెల్లవారేదాకా అవి చీకటిలో. అదే కాలేజీలో ఎం.టెక్. పిల్లలు యంత్రం చాలక లెక్కలు కుదించుకొంటూ ఉండవచ్చు. హెచ్‌టీకాండోర్ ఉచితంగా దొరికే సరుకు. 23 యంత్రాలతో మొదటి లెక్క చూపినవారి పద్ధతికి మన లాబు ఒక్కటి సరిపోతుంది.

మా పక్కింటి లెక్చరరుగారికి ఇదంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

“లెక్క నడుస్తుండగా పొద్దున్నే పిల్లలు లాబుకు వస్తే ఎట్లాగండీ?” అని అడిగారు.

“లేచి చోటిస్తుంది” అన్నాను.

“ప్రోగ్రాము చెడిపోయి లాబంతా ఆగిపోతే స్టాకు రిజిస్టరు నా పేరు మీద ఉన్నది గదా?”

“ముందు రెండు యంత్రాలతో మొదలుపెట్టండి. ఒక నెల చూడండి” అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, “మరి రాత్రి కరెంటు బిల్లు ఎవరి పద్దులో వ్రాయాలి?” అన్నారు.

ఆ మూడవ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అది కాలేజీ కమిటీ వారు చెప్పవలసినది. వచ్చే సమావేశంలో అడుగుతానని ఆయన డైరీలో వ్రాసుకొన్నారు.